ఒక్కడే వాయించిన బృందగానం

కాలిఫోర్నియాలో హాథోర్న్ అనే ఊరుంది. బీచ్ బాయ్స్ బృందంలోని అన్నదమ్ములు పెరిగిన ఊరు. అక్కడే, అమ్మానాన్నల ఇంటి గ్యారేజీలో, 20 ఏళ్ల ఎమిట్ రోడ్స్ తన పేరే పెట్టుకున్న ఆల్బమ్ రికార్డు చేశాడు. డ్రమ్స్ అతనివే, బేస్ అతనిదే, గిటారూ పియానో అతనివే. పాడే గొంతూ, వెనక వంత పాడే గొంతులూ అతనివే. 1970లో వచ్చిన ఆ 12 పాటల్ని, సంగతి చెప్పకుండా ఎవరికైనా వినిపించండి. ఏళ్ల తరబడి కలిసి తిరిగిన నలుగురు కుర్రాళ్ల బృందం అనుకుంటారు.

ఈ తరహా పాటని పవర్ పాప్ అంటారు. ఆ మాటను 1967లో ద హూ బృందానికి చెందిన పీట్ టౌన్‌షెండ్ వాడాడు. బీటిల్స్ దగ్గర నేర్చిన తీయటి బాణీ, దాని కింద గట్టి దరువు, గిటార్ మోత, పైన రెండు మూడు గొంతుల కలయిక, అంతా మూడు నిమిషాల్లో ముగిసిపోవాలి. పల్లవి ఒక్కసారి వింటే నోటికి వచ్చేయాలి. ఇది తేలిక సంగీతమనేవాళ్లతో నేను ఒప్పుకోను. మూడు నిమిషాల పాటలో తప్పు దాక్కోవడానికి చోటుండదు.

ఆ కాలంలో మద్రాసులో మన సినిమా పాటకి వాద్యబృందమంతా ఒకే హాల్లో కూర్చునేది. గాయకులూ అక్కడే. ఎవరు తప్పినా టేకు మళ్లీ మొదటికి. రోడ్స్ పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. అతని దగ్గరున్నది ఆంపెక్స్ కంపెనీ ఫోర్ ట్రాక్ టేపు యంత్రం. ఒకే టేపు మీద నాలుగు వరుసలుంటాయి. ఒక వరుసలో ఒక వాద్యం నింపి, దాన్ని హెడ్‌ఫోన్లలో వింటూ పక్క వరుసలో ఇంకోటి వాయించాలి. వాద్యాలతోనే నాలుగూ నిండిపోతే గొంతులకి చోటేదీ? అందుకని ఆ వాద్యాలన్నిటినీ ఎనిమిది వరుసల టేపుకి ఎక్కించి, మిగిలిన వరుసల్లో పాడాడు.

చెప్పినంత సులువు కాదది. బృందంలో డ్రమ్మర్ కాస్త తొందరపడితే బేస్ వాయించేవాడు పట్టి ఆపుతాడు. కళ్లతో చూసుకుంటారు, సర్దుకుంటారు. ఒంటరివాడికి ఆ వీలు లేదు. మొదట వాయించేటప్పుడు వినడానికి ఎవరూ ఉండరు. తర్వాత వాయించేటప్పుడు తోడున్నవాడు ఇసుమంత కూడా సర్దుకోడు, ఎందుకంటే వాడు టేపులో ఉన్న నిన్నటి తనే. ఇంకా లేని మూడు వాద్యాల్ని మనసులో వింటూ మొదటిది వాయించాలి. రోడ్స్ కుర్రతనంలో ప్యాలెస్ గార్డ్ అనే బృందంలో డ్రమ్మర్. లయ ముందే ఒంటబట్టింది కాబట్టే ఈ పని చేయగలిగాడని నా నమ్మకం.

మొదటి పాట ‘విత్ మై ఫేస్ ఆన్ ద ఫ్లోర్’ వినండి. ప్రేమలో బోర్లాపడ్డవాడి గోడు. పియానో మాత్రం గంతులేస్తూ పోతుంది. బేస్ మీద చెవి పెట్టండి: తాళం కొట్టి ఊరుకోదు, పాట కింద ఇంకో చిన్న పాట పాడుకుంటూ నడుస్తుంది. పడుగూ పేకా ఒకే చెయ్యి నేసిన గుడ్డ ఇది. ఏ దారం ఎక్కడ వదులుగా ఉండాలో ఆ చేతికే తెలుసు.

జనం కూడా విన్నారు. ఏబీసీ డన్‌హిల్ కంపెనీ విడుదల చేసిన ఈ ఆల్బమ్ బిల్‌బోర్డ్ పట్టికలో 29వ స్థానానికి వెళ్లింది. ‘ఫ్రెష్ యాజ్ ఎ డైజీ’ సింగిల్ 54 దాకా ఎక్కింది. దెబ్బ ఒప్పందంలో ఉంది. ఆరు నెలలకో ఆల్బమ్ ఇవ్వాలని సంతకం. వాద్యం వెంట వాద్యం ఒక్కడే నింపుకుంటూ వచ్చే మనిషికి ఆరు నెలలు ఏమూలకి? రెండో ఆల్బమ్ ‘మిర్రర్’ ఆలస్యమైంది. కంపెనీ 2,50,000 డాలర్లకు దావా వేసింది, రాయల్టీలు ఆపేసింది. 1973లో మూడోది ‘ఫేర్‌వెల్ టు ప్యారడైజ్’ ఇచ్చి, పాతికేళ్లైనా నిండకుండానే రోడ్స్ పాటకు దూరమయ్యాడు. ఇతరుల పాటలు రికార్డు చేసే ఇంజనీరుగా బతికాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

తొలి ఆల్బమ్‌లో ‘లలబై’ అని నిమిషం పాటి జోలపాట ఒకటుంది. 2001లో ‘ద రాయల్ టెనెన్‌బామ్స్’ సినిమాలో అది వినబడింది. అప్పుడే పుట్టిన పాటలా కొత్తగా తోచి, ఎవరీ గాయకుడని వెతికినవాళ్లున్నారు.

2016లో, మూడో ఆల్బమ్ వచ్చిన 43 ఏళ్ల తర్వాత, ‘రెయిన్‌బో ఎండ్స్’ ఆల్బమ్ వచ్చింది. ఈసారి అన్నీ అతనే వాయించలేదు. జేసన్ ఫాక్నర్, రోజర్ మానింగ్, జాన్ బ్రయన్, ఎయిమీ మాన్ లాంటి సంగీతకారులు అతని కోసం వచ్చారు. నాలుగేళ్లకు, 2020 జులైలో, అదే హాథోర్న్‌లో రోడ్స్ కన్నుమూశాడు.