డాలస్ ఐసు, బెజవాడ బాణం

వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో ఐస్ హాకీ ఆడించాలంటే ముందు డబ్బు సంచి విప్పాలి. కాంక్రీటు గచ్చులో గొట్టాలు పరిచి, వాటిలో గడ్డకట్టని చల్లటి ద్రావణం తిప్పుతూ, పైన అంగుళం మందాన ఐసు కట్టించి, అది కరగకుండా కరెంటు ధారపోయాలి. అమెరికా దక్షిణానికి ఈ ఆట అలా పైనుంచే దిగింది. 1993లో మినెసోటా జట్టును దాని యజమాని డాలస్‌కు తరలించుకుపోయాడు. 1999లో ఆ జట్టు స్టాన్లీ కప్పు కొట్టింది. శివార్లలో పిల్లలకు రింకులు వెలిశాయి. జట్టు సాధన చేసే రింకు ఫ్రిస్కోలో ఉంది. కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉన్న ఫ్రిస్కో ఎక్కడో మనవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

బెజవాడ విలువిద్యది దీనికి పూర్తిగా తలకిందుల కథ. ఇక్కడ ఫ్రాంచైజీ లేదు, టికెట్టు లేదు. వరి, సినిమా, రాజకీయం, ఎంసెట్ కోచింగ్ తప్ప మరోటి పండదనుకున్న నేల. జంషెడ్‌పూర్‌లోనైతే టాటాలు 1996లోనే అకాడమీ పెట్టారు. ఇక్కడ అంత పెద్ద చెయ్యి ఏదీ లేదు. చెరుకూరి సత్యనారాయణ కుటుంబం నడిపిన వోల్గా ఆర్చరీ అకాడమీ ఉంది, అంతే. వోల్గా ఆయన పోగొట్టుకున్న కూతురు. విలుకాడిగానూ కోచ్‌గానూ పేరు తెచ్చుకున్న కొడుకు లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అయినా అకాడమీ తలుపులు మూతపడలేదు.

ఇక్కడ ముందు వచ్చింది విజేతలే. నాలుగేళ్ళ వయసులో కృష్ణ ఈదిన వెన్నం జ్యోతి సురేఖ పట్టింది కాంపౌండ్ విల్లు. రెండు కొసలా చక్రాలుండే ఆ వింటితో యాభై మీటర్ల దూరం నుంచి కొట్టాలి. పది పాయింట్ల వలయం ఎనిమిది సెంటీమీటర్లు, అంటే బత్తాయి కాయంత. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె మూడు స్వర్ణాలు తెచ్చింది. బొమ్మదేవర ధీరజ్ పారిస్ ఒలింపిక్స్ మిక్స్‌డ్ టీమ్‌లో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానందాకా వెళ్ళాడు. అప్పటికి అతను సైన్యంలో ఉన్నాడు, ఆట పుణెలోని ఆర్మీ స్పోర్ట్స్ ఇన్‌స్టిట్యూట్‌ది. మొలక మనది, పందిరి వాళ్ళది.

డబ్బు ముందొస్తే ఆట నిలుస్తుందా అంటే అదీ లేదు. అట్లాంటా రెండుసార్లు పోగొట్టుకుంది: 1980లో జట్టు కాల్గరీకి, 2011లో విన్నిపెగ్‌కు తరలిపోయింది. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం అరిజోనా. ఆ ఎడారిలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కుర్రాళ్ళు క్లబ్బుగా ఆడుకుంటుండేవాళ్ళు. దాతలు 3.2 కోట్ల డాలర్లు ఇస్తామనడంతో 2015లో అది కాలేజీ ఆటలో పై తరగతి జట్టయింది. 2022లో అయిదు వేల సీట్ల అరీనా తెరిచారు. అదే ఏడాది ఇల్లులేని ప్రొఫెషనల్ జట్టు కయోటీస్ ఆ కాలేజీ అరీనాలో అద్దెకు దిగింది! 2024లో అది సాల్ట్ లేక్ సిటీకి మూటాముల్లె సర్దుకుంది. కాలేజీ జట్టు అక్కడే ఆడుతోంది.

ఈ పోలికలో బెజవాడ ఓడేది ప్రతిభ దగ్గరో ఎండ దగ్గరో కాదు, కాలేజీ దగ్గర. సురేఖ చదివింది వడ్డేశ్వరంలోని కె.ఎల్. యూనివర్సిటీలోనే. మన కాలేజీలు పతకం వచ్చాక ఫ్లెక్సీ కడతాయి, అడ్మిషన్ల కరపత్రంలో ఫొటో వేస్తాయి. పక్క కాలేజీతో వారం వారం పోటీ, చూడ్డానికి కూర్చునే విద్యార్థులు, జీతమిచ్చి పెట్టుకున్న కోచ్, వీటి జోలికి పోవు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు ఏడాదికొకసారి వచ్చిపోతాయి. 2025 అక్టోబరులో ఢిల్లీలో ఆర్చరీ ప్రీమియర్ లీగ్ ఆరు జట్లతో మొదలైంది. తెలంగాణ పేరున కాకతీయ నైట్స్ ఉంది. ఆంధ్ర పేరున జట్టే లేదు. దానికి నేనంత నొచ్చుకోను. యజమాని కొనే జట్టు ఎప్పుడైనా లేచిపోవచ్చునని అట్లాంటా వాళ్ళనడిగితే చెబుతారు. కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. వాటి ఆటస్థలాల్లో యాభై మీటర్ల గడ్డి, ఒక మట్టికట్ట, నాలుగు టార్గెట్ స్టాండ్లు చాలు. ఐసు కట్టించే ఖర్చులో ఇది ఎన్నో వంతని లెక్కవేయడం కూడా దండగ.