కూలిపోయే ముందు చెప్పే మాట

సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం కడుపులో పైథాన్‌ను కూర్చోబెట్టి పని చేయించేవాళ్లకు ఈ కష్టం బాగా తెలుసు. అరగంట సేపు చక్కగా నడిచిన ప్రోగ్రాం ఉన్నట్టుండి పడిపోతుంది. తెర మీద ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న రెండు మాటలే మిగులుతాయి. మామూలుగా పైథాన్‌లో తప్పు జరిగితే ఏ ఫైలు, ఏ లైను అని ట్రేస్‌బ్యాక్ వస్తుంది. ఇక్కడ రాదు. అది రాయాల్సిన పైథానే ఆ దెబ్బకు పోయింది మరి.

ఈ బాధలో నాకు అక్కరకొచ్చిన పనిముట్లు రెండు. రెండూ పైథాన్‌తో పాటే వస్తాయి. వాటి లోపలి కోడ్ చదివిన రోజు, ఇంత ఓపికగా ఎవరు ఆలోచించారా అనిపించింది.

మొదటిది ఫాల్ట్‌హ్యాండ్లర్. విక్టర్ స్టిన్నర్ రాసిన ఈ మాడ్యూల్ 2012లో, పైథాన్ 3.3తో, స్టాండర్డ్ లైబ్రరీలో చేరింది. పోతున్న ప్రోగ్రాం చేత మరణ వాంగ్మూలం ఇప్పించడం దీని పని. ఆ వాంగ్మూలం ఎలాంటి స్థితిలో రాయాలో చూడండి. మెమరీలో ఏ మూల చెడిందో తెలియదు. కొత్తగా మెమరీ అడగడానికి లేదు, అడిగే చోటే చెడి ఉండొచ్చు. ప్రింట్‌ఎఫ్ లాంటి రోజువారీ ఫంక్షన్‌ను కూడా నమ్మకూడదు. ప్రోగ్రాం పడిపోతోందని ఆపరేటింగ్ సిస్టమ్ పంపే సిగ్నల్‌ను అందుకునే హ్యాండ్లర్ మధ్యలో పిలిచినా ఫర్వాలేదని హామీ ఉన్న ఫంక్షన్లు కొన్నే. వాటితోనే మొత్తం నెట్టుకు రావాలి.

అందుకే ఆయన చాలా వదులుకున్నారు. ఫైలు పేరు, ఫంక్షన్ పేరు, లైను నంబరు, అంతే. ఆ లైనులో ఏం రాసి ఉందో చూపించరు. ఆస్కీ అక్షరాలే వాడతారు. మీ ఫంక్షన్‌కు తెలుగులో పేరు పెట్టుకుని ఉంటే (పైథాన్ అందుకు ఒప్పుకుంటుంది) అది బ్యాక్‌స్లాష్ సంకేతాలుగా వస్తుంది. పేరుకు 500 అక్షరాలు, థ్రెడ్‌కు 100 ఫ్రేములు, మొత్తం 100 థ్రెడ్లు దాటనివ్వరు. వరస కూడా మామూలు ట్రేస్‌బ్యాక్‌కు తలకిందులు: ఆఖరున నడిచిన ఫంక్షన్ ముందు వస్తుంది. రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోయినా, మనకు అన్నిటికంటే కావలసిన లైను అప్పటికే బయటపడి ఉంటుంది.

స్టాక్ నిండిపోయి పడిపోతే? హ్యాండ్లర్ నిలబడడానికి చోటుండదు. అందుకని వీలున్న సిస్టమ్‌లలో ముందే వేరే చిన్న స్టాక్ పక్కన పెట్టుకుంటుంది. ఇంకొకటి, ఇతర భాషలోంచి పైథాన్‌ను నడిపేవాళ్లకు మరీ ముఖ్యమైనది: పడిపోయిన థ్రెడ్ చేతిలో ఆ క్షణాన గిల్ లాక్ (ఒకసారికి ఒక్క థ్రెడే పైథాన్ కోడ్ నడిపేలా చూసే తాళం) ఉందో లేదో చెప్పలేం. కాబట్టి ‘ఇప్పుడు నడుస్తున్నది ఎవరు’ అని పైథాన్‌ను అడగదు. థ్రెడ్ సొంతంగా దాచుకున్న గుర్తు చూసుకుంటుంది. అంతా రాశాక పాత హ్యాండ్లర్‌ను యథాస్థానంలో పెట్టి, అదే సిగ్నల్‌ను మళ్లీ పంపి పక్కకు తప్పుకుంటుంది. కోర్ డంప్ తీసుకోవాలనుకున్న సీ ప్లస్ ప్లస్ వైపువాళ్ల పనికి అడ్డం రాదు. ఈ మర్యాద నాకెంతో నచ్చింది.

అయితే పడిన చోటు వేరు, తప్పు జరిగిన చోటు వేరు. అక్కడే రెండో పనిముట్టు కావాలి: మెమరీ డీబగ్ హుక్స్. ఒకప్పుడు పైథాన్‌ను డీబగ్ మోడ్‌లో కంపైల్ చేసుకుంటేనే ఇవి దక్కేవి. 2016 నాటి 3.6 నుంచి ‘పైథాన్‌మాలాక్’ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ‘డీబగ్’ అని ఇస్తే చాలు. ఇచ్చే ప్రతి మెమరీ ముక్కకూ ముందూ వెనకా గట్లు వేస్తారు. గట్టులో నింపే బైటు ఎఫ్‌డీ. కొత్త ముక్క నిండా సీడీ, తిరిగి ఇచ్చేసిన ముక్క నిండా డీడీ. ముందు గట్టుకు అవతల ఎన్ని బైట్లు అడిగారో రాసి ఉంటుంది, అదీ పెద్ద స్థానం ముందు వచ్చేలా. మెమరీ డంప్‌ను కళ్లతో చదివే మనిషికి సులువుగా ఉండాలని. ఎవరైనా గట్టు దాటి రాస్తే, రిపోర్టులో చెడిన బైటు పక్కనే మూడు నక్షత్రం గుర్తులు పెట్టి ‘ఔచ్’ అని ఉంటుంది. గిల్ లాక్ పట్టుకోకుండా పైథాన్ మెమరీ అడిగినా అక్కడికక్కడే ఆపేస్తాయి.

మా కోడ్‌లో జరిగింది చెప్తాను. పైథాన్ లిస్టులోంచి ఒక ఆబ్జెక్టును సీ ప్లస్ ప్లస్ తీసి దాచుకునేది. ఆ ఫంక్షన్ ఇచ్చేది ఎరువు రిఫరెన్స్, సొంతం కాదు. పైథాన్ ఆ లిస్టును మార్చగానే ఆబ్జెక్టు పోయేది. మా పాయింటర్ మాత్రం అలాగే ఉండేది. ఆ చోటును వేరే ఆబ్జెక్టు ఆక్రమించుకుంటే కాసేపు అంతా బాగున్నట్టే కనిపించేది. మూడు రోజులు తప్పుడు ఫైలులో వెతికాం. హుక్స్ పెట్టాక, ఆబ్జెక్టు రకం ఉండాల్సిన చోట డీబగ్గర్‌లో వరసగా పదహారు డీలు కనిపించాయి. చనిపోయినదాన్ని ముట్టుకున్నామని ఇంతకంటే స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

ఒక్క జాగ్రత్త. 3.8లో వచ్చిన ఐసొలేటెడ్ కాన్ఫిగరేషన్‌తో పైథాన్‌ను మొదలుపెడితే, అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ను చూడనే చూడదు. బయట ఎన్ని సెట్ చేసినా ఫలితం ఉండదు. ఫాల్ట్‌హ్యాండ్లర్‌ను కాన్ఫిగరేషన్ స్ట్రక్చర్‌లో, డీబగ్ అలొకేటర్‌ను దానికంటే ముందు నడిచే ప్రీ కాన్ఫిగరేషన్‌లో, మన సీ ప్లస్ ప్లస్ కోడ్‌లోనే అడగాలి.