గురికి ముందు బిగింపు

మా జంగారెడ్డిగూడెంలో ఎయిర్ గన్ కొన్న కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఒకటే: "బాబాయ్, స్కోపు ఎంత జూమ్ ఉన్నది తీసుకోమంటారు?" నేను మౌంటు సంగతి ఎత్తుతాను. తుపాకీ మీద స్కోపును పట్టి ఉంచే ఆ రెండు రింగుల గురించి ఎవరూ అడగరు. గురి నిలిచేదీ, చెదిరేదీ అక్కడే.

లెక్క వేసి చూడండి. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. వెనక రింగు పక్కకు 0.1 మిల్లీమీటరు జరిగింది, అంటే ఇంచుమించు కాగితం మందం. 25 మీటర్ల అవతల మీ గురి 25 మిల్లీమీటర్లు తప్పిపోతుంది. ఎంత ఖరీదైన అద్దాలున్నా ఈ తప్పును సరిదిద్దలేవు.

స్ప్రింగు గన్‌తో ఈ బెడద మరీ ఎక్కువ. ట్రిగ్గరు నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది, గన్ వెనక్కి తంతుంది. పిస్టన్ తన ముందున్న గాలిని నొక్కి ఆగేసరికి గన్ ఒక్కసారిగా ముందుకు కుదుపుతుంది. ఈ రెండో కుదుపుకే మౌంటు కొద్దికొద్దిగా వెనక్కి జారుతుంది. మందుగుండు రైఫిల్‌కు చేసిన మంచి స్కోపులు కూడా ఈ రెండు వైపుల దెబ్బకు పాడైపోతుంటాయి. అందుకే స్ప్రింగు గన్‌కు నేను పొడవాటి ఒకే ముక్క మౌంటు తీసుకోమంటాను. దాని పట్టు ఎక్కువ మేర పరుచుకుంటుంది. గన్ మీద స్టాప్ పిన్‌కు రంధ్రం ఉంటే మౌంటు పిన్ను అందులో దిగాల్సిందే. ముందే గాలి నింపుకునే పీసీపీ గన్‌కు ఈ కుదుపు లేదు కాబట్టి రెండు విడి రింగులు చాలు.

ఇక గాడి చూసుకోవాలి. మామూలు ఎయిర్ గన్‌ల మీద పొడవునా రెండు గాళ్లుంటాయి. వాటిని డవ్‌టెయిల్ అంటారు. వెడల్పు పేరుకు 11 మిల్లీమీటర్లే గానీ కంపెనీని బట్టి కొంచెం తేడా వస్తుంది, కొనేముందు కొలవండి. అడ్డగాళ్లున్న పట్టీలు వేరు: వీవర్, పికాటినీ. పికాటినీ పట్టీ కొలతల్ని అమెరికా సైన్యం 1995లో ఖాయం చేసింది. పాత వీవర్ రింగులు పికాటినీ పట్టీ మీద మామూలుగా కూర్చుంటాయి. పికాటినీ మౌంటు మాత్రం వీవర్ గాడిలో దిగకపోవచ్చు, అది మరింత సన్నం. రింగు లోపలి కొలత స్కోపు గొట్టంతో కలవాలి: 25.4 మిల్లీమీటర్లో, 30 మిల్లీమీటర్లో. మధ్యలో కాగితం చుట్టి సరిపెట్టొద్దు.

అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఎత్తు గురించి. ముందు అద్దం గొట్టం గన్‌ను తాకకుండా ఉంటే చాలనుకుంటారు చాలామంది. అసలు కొలత మీ మొహంలో ఉంది. కళ్లు మూసుకుని గన్ వెనక బట్టు భుజానికి ఆనించండి, చెంపను హాయిగా దాని మీద వాల్చండి, అప్పుడు కళ్లు తెరవండి. స్కోపులో నిండు వలయం కనిపిస్తే ఎత్తు కుదిరినట్టే. ఒక అంచున నల్లటి నీడ పడితే కుదరనట్టు. మెడ సాచి, గడ్డం ఎత్తి చూడాల్సి వస్తే ప్రతిసారీ తల ఒక్కో చోట ఆగుతుంది, దెబ్బా ఒక్కో చోట పడుతుంది. ముక్కు మీద కుదరని కళ్లజోడుతో ఎంతసేపు చదవగలం?

హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచారు. ఆ పోటీలో స్కోపు ఉండదు, చిన్న రంధ్రంలోంచి చూసి గురిపెట్టాలి. గురి కాగితం మధ్య చుక్క వెడల్పు అర మిల్లీమీటరు. ఆ రంధ్రపు సైటు కూర్చునేదీ 11 మిల్లీమీటర్ల గాడి మీదే. దాని కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచుకుంటారు, తలను వంచకుండా సైటునే కంటి దగ్గరికి తెచ్చుకుంటారు. మనం నేర్చుకోవాల్సింది ఇదే.

బిగించేటప్పుడు తొందర వద్దు. గోడకు మేస్త్రీ గుండు దారం వేలాడదీసి, గన్‌ను నిటారుగా నిలిపి, స్కోపులోని నిలువు గీతను దారంతో కలపండి. మరలను ఒకదాని తర్వాత ఎదురుదాన్ని, కొంచెం కొంచెంగా తిప్పండి. రింగుకు రెండు పక్కలా సందు సమానంగా ఉండాలి. మరీ గట్టిగా బిగిస్తే అల్యూమినియం గొట్టం సొట్టపోతుంది. చివర రింగు అంచున గోళ్లరంగు చుక్క పెట్టండి, జారితే అదే చెబుతుంది.

ఇంత చెప్పింది కాగితం మీది గురి కోసం, వెనక ఇసుక బస్తాలు పేర్చుకుని కొట్టే గురి కోసం. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జౌళ్లకు మించని శక్తి ఉన్న గన్‌కు 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. ఆ వెసులుబాటు పిట్టల్ని కొట్టడానికి కాదు. మనకు ఉత్తరాన పాపికొండల అడవి, దక్షిణాన 1999 నుంచి అభయారణ్యమైన కొల్లేరు. 1972 వన్యప్రాణి చట్టం ఎయిర్ గన్‌నూ వదలదు. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021లో జనం తమ ఎయిర్ గన్‌లను స్వయంగా అప్పగించడం మొదలుపెట్టారు. పక్షులు తగ్గిపోతున్నాయన్న బాధే దానికి కారణం. కొల్లేటి ఆటపాకలో గూడబాతుల్ని చూడాలనిపిస్తే బైనాక్యులర్ పట్టుకెళ్లండి.

మౌంటు వదులైతే కాగితం మీది చిల్లులు అబద్ధం చెబుతాయి. ఊపిరి బిగపట్టడంలో లోపమో, వేలు లాగడంలో లోపమో, మర జారడమో తేలదు. రోజూ సాధన చేసినా చేతికి ఏమీ నేర్పినట్టు కాదు. మౌంటు కదలకుండా నిలిస్తే ప్రతి చిల్లూ మీ గురించే చెబుతుంది, దిద్దుకునే వీలు అక్కడే దొరుకుతుంది. అందుకే కుర్రాళ్లకు చెబుతున్నాను: స్కోపు కోసం దాచిన డబ్బులో కొంత తగ్గించుకునైనా మంచి మౌంటు కొనండి.