ఇర్రి ఎవరిది?

ఈ వారం ఒళ్లు మండిన సంగతితోనే మొదలుపెడతాను. ఆదోనిలో ఒక గోడ మీద నిలువెత్తు బొమ్మ వేయించారు. కింద 'మన రాష్ట్ర జంతువు కృష్ణజింకను కాపాడుకుందాం' అని అక్షరాలు. పైన చూస్తే ఒంటినిండా తెల్ల చుక్కలు, చెట్టుకొమ్మల్లా చీలిన కొమ్ములు. అది కృష్ణజింక కాదు మహాప్రభో, దుప్పి! వేయించిందెవరో చెప్పను. వేసినాయన తప్పు అసలే లేదు, చేతికిచ్చిన ఫొటో చూసి వేశాడు.

ఈ కాలమ్ పాత పాఠకులకు నా చాదస్తం తెలుసు. మాట తప్పిన మనిషినైనా క్షమిస్తాను గానీ, తప్పు మాటను క్షమించలేను. దుప్పి కొమ్ములు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. కృష్ణజింకకు పుట్టుకతో వచ్చే జాతి లక్షణమే వేరు. దాని కొమ్ము రాలదు, చీలదు, మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. పైగా తెలంగాణ వాళ్లు 2014లో దుప్పిని 'జింక' పేరుతోనే రాష్ట్ర జంతువు చేసుకున్నారు. అంటే తుంగభద్రకు ఆ ఒడ్డున జింక అంటే ఒక జంతువు, ఈ ఒడ్డున ఇంకో జంతువు. ఈ గొడవ లేకుండా మన పాత తెలుగులో చక్కటి మాట ఉంది. వీపు నల్లగా, పొట్ట తెల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉండే మగది ఇర్రి. కొమ్ముల్లేని గోధుమరంగు ఆడది లేడి. 'ఇర్రి' అంటే ఇప్పుడు డిగ్రీ పిల్లలు కూడా నిఘంటువు తీయాలి.

దీని మీదే ఈ వారం కాలమ్ పూర్తి చేద్దామని కూర్చున్నాను. ఇంతలో దేవనకొండ నుంచి నా చిన్ననాటి స్నేహితుడి ఫోను.

"నువ్వు గోడమీద బొమ్మకు ఏడుస్తాండావు గానీ, నా చేన్లో నిజం జింకలు పడినాయప్పా. పత్తి రెండాకుల మీద ఉన్నప్పుడు రెండెకరాలు నున్నగా మేసిపోయినాయి. మళ్లీ ఇత్తనం పెడితిమి. రాత్రి అదీ పాయ."

డబ్బాలు కొట్టాడట. పాత చీరలు కట్టాడట. మైకులో కుక్కల అరుపులు పెడితే మూడు రోజులు ఆగి, నాలుగోనాడు మైకు పక్కనే నిలబడి మేశాయట. పరిహారం అడుగుదామంటే, మొలక తిన్న చేనుకు ఫొటో తీస్తే వట్టి నేల తప్ప ఏముంటుంది? చివరికి అసలు మాట బయటపెట్టాడు: "బోయోళ్ల తుపాకులు యాడ దాచిపెట్టినారో తీసియ్యమని రాయప్పా."

నిజం చెప్పొద్దూ, నా మనసు కూడా అటే మొగ్గింది. 1959 నాటి ఆయుధాల చట్టంలో లైసెన్సుల సెక్షన్ తీసి చూడండి. మూతి నుంచి మందు కూరే తుపాకికి, నిజంగా పంట కాపలాకే అయితే, లైసెన్సు ఇవ్వవచ్చని ఇప్పటికీ ఉంది. పదమూడేళ్లు తిరిగేసరికి 1972లో వన్యప్రాణి చట్టం వచ్చి కృష్ణజింకను ఒకటో షెడ్యూల్లో చేర్చింది. మనిషి ప్రాణానికి ముప్పయితేనో, కోలుకోలేని జబ్బు చేస్తేనో తప్ప ఆ షెడ్యూల్లో ఉన్నదాన్ని కొట్టడానికి అనుమతి రాదు. పంట తినిందంటే చెల్లదు. కొడితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల జైలు, పాతిక వేలకు తగ్గని జరిమానా. ఒక చట్టం తుపాకి చేతికిస్తుంది, ఇంకోటి చెయ్యి పట్టుకుంటుంది.

ఇక బోయల సంగతి. దేవుడికే మాంసం నైవేద్యం పెట్టిన తిన్నడు బోయ. ఇర్రి అనుకుని కృష్ణుడి పాదానికే బాణమేసిన జరుడూ వేటగాడే. ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు పల్లెల్లో ఆ కులం లేని ఊరు వెతకాలి. మమ్మల్ని గిరిజనుల్లో చేర్చండని వాళ్లు ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. 2023లో శాసనసభ తీర్మానం కూడా చేసింది. అందులో ఒక తమాషా ఉంది. గిరిజనులని ఒప్పించాలంటే మీ పాత బతుకుతెరువు, మీ వేట చూపించమంటారు. చూపిస్తే కేసు.

ఇట్లా రాసుకుంటూ పోతున్నవాణ్ని, బోయ చిన్నాయన గుర్తొచ్చి కలం ఆపాను.

మా జేజినాయన దగ్గర సేద్యం చూసేవాడు. ఊరి పిల్లలందరికీ చిన్నాయనే. 1969లో అనుకుంటాను, 1972 చట్టం ఇంకా రాలేదు. వాళ్లింట్లో గోడకు రెండు కొయ్యలుండేవి. ఒకదానికి వెదురు విల్లు, రెండోదానికి నాటు తుపాకి. విల్లు దసరాకు మాత్రం దిగేది. పసుపు, కుంకుమ, టెంకాయ అయ్యాక మళ్లీ కొయ్యకెక్కేది.

"విల్లు ఏంటికి వాడవు చిన్నాయనా?"

"మన బీట్లో చెట్టేదబ్బీ? నల్లమల చెంచోడంటే చెట్టు చాటున నిలబడి ఏస్తాడు. ఈడ బాణం అందే దూరానికి ఇర్రి మనల్ని రానిస్తాదా?"

అవును కదా. మన పడమటి పల్లెల్లో వేటంటే చెట్టెక్కి మంచె మీద కూర్చునే పని కాదు. ఎక్కడానికి చెట్టుండదు. నేల మీదే, నడిచే చెయ్యాలి. దానికి చాటు కావాలి. ఆ చాటే దీమం. వేటకు మరుగుగానో ఎరగానో వాడే జంతువును దీమం అంటారు. కొన్నిచోట్ల మచ్చికైన ఇర్రి కొమ్ములకు ఉచ్చులు కట్టి వదిలేవారు. అడవి ఇర్రి దానితో పోట్లాటకు వచ్చి కొమ్ములు చిక్కుకునేది. మా చిన్నాయన దీమం ఒక ముసలి తెల్లెద్దు.

ఒకరోజు తెల్లవారుజామున నన్ను వెంట తీసుకెళ్లాడు. ముందు రాత్రే తుపాకి కూరి పెట్టుకున్నాడు. కొమ్ములో దాచిన మందు ఇంతని కొలిచి పోసి, గుడ్డపేలిక పెట్టి, ఇనప ఊచతో దట్టించి, సీసపు గుండు వేసి, మళ్లీ పేలిక. సురేకారం, గంధకం, బొగ్గు ఆయనే నూరుకునేవాడు. బీడులోకి వచ్చాక నన్ను ఒక గట్టు వెనక కూర్చోబెట్టాడు. ఎద్దుకు అటువైపు వంగి, పగ్గం ఎడమచేత పట్టుకుని నడిచాడు. నేరుగా కాదు. కాస్త ఇటు, కాస్త అటు. మధ్యమధ్య ఎద్దును నిలబెట్టి మేయనిచ్చాడు. మళ్లీ పది అడుగులు. ఆ నడకకు అర్థం తర్వాత చెప్పాడు: "మేసే ఎద్దు నేరుగా పోదబ్బీ. నేరుగా పోయిందంటే వెనక మనిషి ఉన్నాడని ఇర్రికి తెలిసిపోతాది."

ఆయన వెదికింది జింకను కాదు, పెంటికల కుప్పను. ఇది నా జాగా అని చాటుకోవడానికి మగది ఒకేచోట మళ్లీ మళ్లీ పెంటికలేస్తుంది. కుప్ప తడిగా ఉందంటే ఇర్రి దగ్గర్లోనే ఉన్నట్టు, మళ్లీ వస్తుందన్నట్టు. రెండు గంటలు గడిచాయి. నా కాళ్లు తిమ్మిరెక్కాయి. అప్పుడొచ్చింది. నల్లగా, మెడ ఎత్తి, కొమ్ములు వీపు మీదికి వాల్చుకుని, పెళ్లికొడుకులా.

టప్‌మని చిన్న చప్పుడు. టోపీ పేలింది, మందు అంటుకోలేదు. మంచుకు చెమ్మగిల్లింది. ఇర్రి తలెత్తి ఎద్దు వైపు ఒక్క చూపు చూసి, నాలుగు కాళ్ల మీదా ఒకేసారి గాల్లోకి లేచింది. దాని వెనక మందంతా లేచింది. మేం నోరు మూసుకునేలోపు బీడు ఖాళీ.

చిన్నాయన నవ్వి, "ఈపొద్దు దానికి ఆయుసు ఉండాది" అన్నాడు. ఎద్దును తోలుకుని ఇంటికొచ్చాం. రెండోసారి కూరుకునేంత వ్యవధి వేటలో ఉండదు. తుపాకి పేలినా పేలకున్నా ఆ పూటకు అంతే.

నా స్నేహితుడు అడిగిన తుపాకి ఇదీ. ఇప్పుడు లెక్క వేసుకోండి. చిన్నాయన చెయ్యి బాగా నడిచిన ఏడాది నాలుగో ఐదో పడేవట. అన్నీ మగవే. నల్లగా కనబడేది అదే, కుప్ప దగ్గరికి వచ్చేదీ అదే. లేడిని కొడితే కడుపులో పిల్ల పోతుందని ముట్టుకునేవాడు కాదు. ఒక ఇర్రి పోతే దాని జాగాలోకి ఇంకో ఇర్రి వస్తుంది. లేళ్లు ఎప్పటిలాగే ఈనుతాయి. అంటే విల్లుతో, నాటు తుపాకితో, నేల మీద నిలబడి చేసిన ఆ వేట ఎన్ని తరాలు సాగినా మందను తగ్గించలేదు. పంటను కాపాడనూ లేదు. ఆ రోజుల్లో మందను అదుపులో పెట్టింది చీటా, తోడేలు. మన దేశంలో చీటా 1952కే పోయింది. తోడేలును గొర్రెల కోసం మనమే వెంటాడాం. ఆ తర్వాత జీపులు, హెడ్‌లైట్లు, తోటాల తుపాకులు వచ్చి ఊచకోత కోస్తేనే 1972 చట్టం అవసరమైంది. నందికొట్కూరు పక్కన రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెడితే, జింకలు పెరిగాయి, పిట్ట దాదాపు కనుమరుగైంది. బీడు లెక్క మన లెక్క ప్రకారం నడవదు.

కాబట్టి తుపాకులు తీసియ్యమని నేను రాయను. చిన్నాయన పనితనాన్ని నెత్తిన పెట్టుకుంటాను గానీ, ఆ పనితనానికి పంట కాపలా అనే పేరు అంటగడితే అబద్ధమవుతుంది. దుప్పిని కృష్ణజింక అన్నంత అబద్ధం.

నా ఎర్రగుడి పిచ్చి మీకు తెలుసు. పత్తికొండ నుంచి గుత్తికి పోయే దారిలో, 1929లో బయటపడిన అశోకుడి బండరాళ్లు. అందులో మొదటి శాసనం వంటింటి గురించి. ఒకప్పుడు రాజుగారి వంటకు రోజూ లక్షల ప్రాణాలు పోయేవట. శాసనం చెక్కించేనాటికి రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే. ఆ జింక కూడా రోజూ కాదు. ఇకముందు అవీ ఉండవని మాటిచ్చాడు. ఎనిమిదో శాసనంలో వేట విహారాలు మానేశానన్నాడు. ఇన్నాళ్లూ ఆ రాళ్ల ముందు నిలబడి, జింకను వదిలిన రాజు అని పొంగిపోయేవాణ్ని. ఈ వారం మొదటిసారి వేరే అనుమానం వచ్చింది. రాజు వంటింట్లోంచి బయటపడ్డ జింక ఎవరి చేన్లో మేసింది?

ఆ ప్రశ్నకు 1972 చట్టంలో సగం జవాబే ఉంది. 39వ సెక్షన్ ప్రకారం చచ్చి దొరికిన అడవి జంతువు ప్రభుత్వ ఆస్తి. చట్టం మీరి వేటాడిందీ ప్రభుత్వ ఆస్తే. బతికి మేస్తున్నది ఎవరిదో ఆ సెక్షన్ చెప్పదు. కానీ మన ఊళ్లకు తెలుసు. పక్కవాడి గొడ్డు చేన్లో పడితే కొట్టి చంపం. బందెలదొడ్డికి తోలతాం. గొడ్డుగలాయన వచ్చి బందె కట్టి విడిపించుకుపోతాడు. దీనికి 1871 నుంచి చట్టమే ఉంది. 2025లో మధ్యప్రదేశ్‌లో కృష్ణజింకలను హెలికాప్టర్‌తో అదిలించి, కంచెలోకి తోలి, లారీలెక్కించి అడవులకు పంపారు. ఆ కంచెను బోమా అని ఆఫ్రికా మాటతో పిలుస్తున్నారు. మన భాషలో అది దొడ్డే.

కనుక దేవనకొండ దోస్తుకు, అతనిలాంటి రైతులందరికీ నా తీర్పు ఇది. తుపాకి అడగొద్దు, బందె అడగండి. రెండోసారి పెట్టిన విత్తనం ఖర్చుతో సహా అడగండి. చచ్చిన ఇర్రి సర్కారుదైనప్పుడు, మేసే ఇర్రీ సర్కారుదే.