మా గాలికొండ

ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున తులూజు పట్టణములో ఉద్యోగము చేసికొనుచున్న మా మేనల్లుడు, ఆదివారము వచ్చినదనగా సైకిలెక్కి ఊరి వెలుపలి మెట్టదారులు పట్టి, ద్రాక్షతోటల నడుమ నిలిచిన రాతికోటలను, పాతకాలపు చర్చీలను చూచి వచ్చి, ఆ ఛాయాచిత్రములకు తోడుగా "మావయ్యా, ఈ వేళ వెయ్యి మీటర్లు ఎక్కాను" అని ఒక ముక్క వ్రాసి పంపుట కొంతకాలముగా అలవాటు చేసికొన్నాడు. నలుబది యేండ్లుగా ఈ కోనసీమలో సైకిలు తొక్కుచున్నను వంతెనను మించిన ఎత్తు నెన్నడు నెక్కి యెరుగని నేను దానికేమి ప్రత్యుత్తర మియ్యగలను? "క్షేమముగా దిగినావా" అని మాత్రము వ్రాసెడివాడను.

ఆ దేశములో సైకిలునకు కొండతో వియ్యము కుదిర్చినవారు పత్రికలవారే. లోటో అను క్రీడాపత్రిక తన ప్రతులు ఎక్కువగా అమ్ముడుపోవలెనను సంకల్పముతో 1903లో దేశమంతయు చుట్టివచ్చు పందెమును ఆరంభించినది. అదియే నేటి టూర్ ద ఫ్రాన్స్. 1910లో ఆ పందెమును పిరెనీసు పర్వతముల మీదికి మళ్లించి, 2,115 మీటర్ల ఎత్తుగల తూర్మలే కనుమను దాటవలసినదని నిర్ణయించినప్పుడు, కొంత తొక్కి కొంత తోసికొని కొండలు దాటిన ఆక్తావ్ లపీజ్ అను యువకుడు నిర్వాహకుల మొగముననే వారిని హంతకులని తిట్టినాడట. తిట్టినవాడే ఆ యేడు పందెము గెలిచినాడు. ఆ పత్రికాధిపతి ఆంరీ దెగ్రాంజ్ దొరగారికి గేర్లనిన గిట్టదు. అవి నలుబదియైదేండ్లు దాటిన వారికే తగునని ఆయన అభిప్రాయము. నేడు వాడుకలో నున్న తరహా గేర్లకు ఆ పందెమున 1937 వరకు ప్రవేశమే లేకపోయినది. నాకు ఆ వయసు దాటి చాలకాలమైనది గాని, గేరు లేని నల్ల సైకిలు మీదనే తిరుగుచున్నాను. ఆయన లెక్కలో నేనింకను యువకుడనే కాబోలు.

మొన్న మాఘమాసమున మేనల్లుడు ఇంటికి వచ్చి, రాజమండ్రిలోని స్నేహితుని గేర్ల సైకిలు నెరవు తెచ్చుకొని, "పదండి మావయ్యా, మీ దారులేమిటో చూస్తాను" అన్నాడు. తెలవారకముందే అమలాపురమున బయలుదేరి, కొత్తపేట, రావులపాలెముల మీదుగా ఉత్తరముగా పోయి, లొల్ల లాకులు చేరినాము. గాలి లేదు, దాళ్వా చేల మీద మంచు ఇంకను విడలేదు. వాని చేతిగడియారము మేమెంత ఎత్తెక్కినామో లెక్కకట్టునట. దానిని చూచి పకపక నవ్వి, మీటర్లలో రెండంకెలు దాటలేదని చెప్పినాడు.

నేను వానిని లాకుల వంతెన మీద నిలబెట్టి, ఎగువ నీటిని, దిగువ నీటిని చూడుమన్నాను. తలుపుల కావల నీరు నిండుగా, కదలక, చెరువువలె నున్నది; ఈవల కొన్ని అడుగుల క్రింద నురుగులు గ్రక్కుచు పరుగెత్తుచున్నది. చూపునకు పలకవలె చదునుగా తోచు ఈ సీమకు వాలున్నదని చెప్పు సాక్ష్యము ఆ తలుపులొక్కటియే. 1847లో ధవళేశ్వరము వద్ద ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించిన కాటను దొర, నీటిని పొలములకు తెచ్చుటతో తృప్తిపడక, అదే నీటి మీద పడవలు కూడ నడువవలెనని తలంచినాడు. వాలు ఎక్కువైన పడవ ఎగువకు పోలేదు గనుక, నేలలోని దిగుడునంతయు అక్కడక్కడ మెట్లుగా కూడబెట్టి, మెట్టున కొక లాకు కట్టించినాడు. పడవ రెండు జతల తలుపుల నడుమనున్న గదిలోనికి వచ్చును, వెనుక తలుపులు మూయుదురు, ఎగువ నీటిని వదలుదురు, పడవ తానై పైకి లేచును. మనుష్యులు నడుమునకు త్రాడు కట్టుకొని పడవల నీడ్చుచు నడచిన గట్టులే నేడు మాకు సైకిలుబాటలు. కొండలేని సీమలో ఎత్తు నెక్కుటకు పడవ చేసిన ఉపాయమిది. మేనల్లుడు చాలసేపు మాటలాడలేదు. పిదప గడియారము విప్పి జేబులో వేసికొన్నాడు.

తిరుగు ప్రయాణమున అసలు కథ ఆరంభమైనది. పలివెల కొప్పేశ్వరుని దర్శించుకొని, రాతిలింగమునకు జుట్టు మొలిచిన వైనమును చెప్పుకొనుచు బయటికి వచ్చుసరికి పొద్దు నడినెత్తి దాటినది, సముద్రము మీది నుండి దక్షిణపు గాలి లేచినది. కాలువ దక్షిణముగా దిగుచున్నది. దాని ప్రక్కనే అదే దిశకు పోవు మేము మాత్రము ఎక్కుచున్నాము. అరకు దారిలో గాలికొండ అను శిఖరము నిజముగనే కలదు గాని, ఆ పేరు మా మధ్యాహ్నములకే సార్థకమని నా మనవి. కొండకు శిఖరముండును, ఎక్కినవానికి ఆవలి దిగుడు బహుమానముగా దక్కును; ఈ గాలికి శిఖరము లేదు, ఇల్లు చేరువరకు ఒకే ఎక్కుడు. వేయి మీటర్లెక్కు వీరుడు పలివెల దాటి రెండు మైళ్లు పోకముందే గేరు మీద గేరు తగ్గించి, తుదకు నా వెనుక చేరినాడు.

గాలికెదురు తొక్కుట యొక విద్య. దానిని ఎవ్వరును నేర్పరు. బయలు పొలము నడుమ పోవు తిన్నని దారికన్న కొబ్బరితోటల లోపల వంకరలు తిరుగు దారి మైలు ఎక్కువైనను మేలు, ఏలయనగా గాలి చెట్ల తలలతో జగడమాడుచు మన జోలికి రాదు. ఏటిగట్టు మీది దారి అందమైనది గాని మధ్యాహ్నము పనికిరాదు. గట్టు అడుగున, పొలముల వైపు పోవు బాటలో దీపము వెలిగించుకొనవచ్చును. ముందు పోవువాని వెనుక చక్రమునకు మూరెడు దూరమున నుండి తొక్కినచో చాల శ్రమ తప్పును, వాడు మేనమామయైనచో అడుగవలసిన పనియు లేదు. అంబాజీపేటలో పనసాకు బుట్టలలో ఆవిరికి ఉడికిన పొట్టిక్కలు తినునప్పుడు, ఆకు విప్పగా లేచిన వేడివాసనకు కన్నులు మూసికొని, "గాలి ఇంకెంతసేపుంటుంది మావయ్యా?" అని అడిగినాడు. దీపాలు పెట్టువేళకు పడిపోవునని నేను చెప్పినను, అంతవరకు కూర్చుండుట వానికి నచ్చలేదు.

మరునాడు పి.గన్నవరము. వైనతేయ నదికి అడ్డముగా 49 కమానుల మీద కాటను నాటి అక్విడెక్టు నిలిచియున్నది. నదికి పైన మరియొక నదివలె కాలువ దాని మీదుగా సాగి నగరము లంక పొలములు తడిపినది. దాని ప్రక్కనే కట్టిన కొత్తదానికి, అడిగినవానికి లేదనక అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. ఆమె జీవితకాలము 1841–1909. కాపురమున్నది ఆ సమీపముననే, లంకల గన్నవరమున. నిర్మాణములకు పేర్లు పెట్టుటలో మనవారు తరచుగా తడబడుదురు గాని, నీటిత్రోవకు అన్నదాత పేరు పెట్టుట నాకు తగినట్లే తోచినది. మేనల్లుడు సైకిలును గోడకానించి క్రిందికి దిగి కమానులు లెక్కించి వచ్చినాడు. నలుబది యెనిమిది వచ్చినదట. మరల లెక్కించుమన్నాను.

మూడవనాడు ఫ్రాన్సునకు పోదమన్నాను. వాడు విస్తుపోయినాడు. ముమ్మిడివరము మీదుగా ఎదుర్లంక చేరి గౌతమిని దాటిన యెడల యానాము. 1954 వరకు అది ఫ్రెంచివారి పాలన, చట్టబద్ధముగా మనదైనది 1962లో. శారదా చట్టము 1930లో అమలులోనికి వచ్చినప్పుడు, ఆ చట్టము చెల్లని ఈ గడ్డకు బాల్యవివాహములు చేసికొనుటకై పెండ్లివారు చుట్టుపట్ల సీమల నుండి తరలివచ్చెడివారు, అందుచే కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. ముత్తైదువలు పసుపు కుంకుమలతో, తొమ్మిదేండ్ల పెండ్లికూతురు నిద్రమొగముతో పడవ దిగుచున్న రేవును తలంచుకొన్నచో, దేశపు సరిహద్దు అనగా నేమో నాకు భూపటములకన్న ఎక్కువ తెలియును. నేడు ఆ రేవున పని లేదు. 2002లో వారధి వచ్చినది, ఆ యేడే హెలికాప్టరు ప్రమాదమున మరణించిన లోక్‌సభాపతి బాలయోగిగారి పేరు దానికి పెట్టినారు.

యానాములో చర్చిని చూచి, గౌతమి ఒడ్డున కొంతసేపు తిరిగి, సాయంకాలము నాలుగు గంటలకు వారధి దగ్గరకు వచ్చినాము. మా సీమలో కొండకు దీనికన్న దగ్గరి చుట్టము లేదు. నేల నుండి నీటి మీదికి పోవుచు పోవుచు లేచును, పైన అడ్డు లేని గాలి. మేనల్లుడు గేరు మార్చి, వీపు వంచి, తూర్మలే కనుమ మీద వలె ముందుకు పోయినాడు. నేను సగము దూరమున దిగి తోయసాగినాను. నా ముందే, రెండు ప్రక్కల కొబ్బరిగెలలు భూమి నంటునట్లు వ్రేలాడుచున్న సైకిలును పిట్టగోడ కానించి, ఒక పెద్దమనిషి బీడీ వెలిగించుటకై తన శరీరమునే గాలికి అడ్డుపెట్టుచున్నాడు. మూడు పుల్లలు ఆరిపోయినవి. నాలుగవది నిలిచినది.

"అల్లుడుగారాండీ ఆయన?" అన్నాడు, దూరమున వంగిన వీపును చూచి.

"మేనల్లుడు."

"ఎందుకండి అంత కష్టం? దీపాలెట్టే యేలకి గాలి దానంతటదే పడిపోద్ది. కూకోండి, ఆయ్."

నేను సైకిలుకు స్టాండు వేసినాను.