గీతకి ఇవతలా, అవతలా?

లేజర్ మెషీన్ మీద నేను మొదట కోసుకున్నది పెన్నులు పెట్టుకునే డబ్బా. మూడు మిల్లీమీటర్ల ఎండీఎఫ్ షీటు, కోరెల్‌డ్రాలో గీసిన ఐదు పలకలు, వాటి అంచులకు ఒకదాంట్లో ఒకటి దూరే పళ్లు. జిగురు లేకుండానే బిగుసుకోవాలి. తీరా బిగించి బల్లమీద పెడితే పలకలన్నీ తలో దిక్కుకీ ఒరిగాయి. అల్మరా పనికి మా ఇంటికొచ్చిన వడ్రంగి మేస్త్రి దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పి ఒక్కటే అడిగాడు: "గీతకి ఇవతల కోశావా బాబూ, అవతల కోశావా?"

గీత మీదే కోశాను. తప్పంతా అక్కడే ఉంది. రంపం నడిచిన దారిలో చెక్క పొట్టయిపోతుందని, ఆ మేరకు గీతకి పక్కగా కోయాలని వడ్రంగికి పనిలో చేరిన కొత్తల్లోనే ఒంటబడుతుంది. లేజరూ అంతే. అది కాల్చుకుంటూ పోయే సన్నటి దారిని కెర్ఫ్ అంటారు. ఎంతుంటుందో తెలుసుకోవడం తేలికే. పది మిల్లీమీటర్ల వెడల్పున పది ముక్కలు పక్కపక్కనే గీసి, కోసి, మళ్లీ దగ్గరగా పేర్చి వెర్నియర్‌తో కొలవాలి. వంద రావలసిన చోట 98 వచ్చిందంటే ఒక్కో ముక్కా 0.2 పోగొట్టుకుందన్న మాట. ఇక షీటు సంగతి. మూడని అమ్మినది కొలిస్తే 2.7 ఉండొచ్చు, నాదీ అంతే. అలాంటప్పుడు గాడిని 2.5కే గీయాలి, కోశాక అదే 2.7 అవుతుంది. నేను మూడుకి గీశాను, వచ్చింది 3.2. అర మిల్లీమీటరు ఖాళీలో ఏ డబ్బా నిలబడుతుంది!

ఇలాంటి మెషీన్లు చాలావాటిలో ఉండేది కార్బన్ డయాక్సైడ్ లేజర్. పుణె జిల్లా బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో దాన్ని కనిపెట్టారు. దాని వెలుగు మన కంటికి ఆనదు, తరంగదైర్ఘ్యం 10.6 మైక్రాన్లు. మన చూపును దాటనిచ్చే అద్దంలాంటి యాక్రిలిక్ ఈ వెలుగును మాత్రం దాటనివ్వదు, అక్కడికక్కడే తాగేస్తుంది. అందుకే అంత నున్నగా తెగుతుంది. పీవీసీని, దాని పూత ఉండే రెక్సిన్‌ని మాత్రం లోపల పెట్టకూడదు. అవి కాలితే వచ్చే ఆమ్లపు ఆవిరి మెషీన్‌నీ తింటుంది, ఊపిరితిత్తుల్నీ తింటుంది. కోత నడుస్తుండగా టీకి వెళ్లడమూ కూడదు, యాక్రిలిక్ అంటుకుంటుంది.

మందమైన చెక్కకి కంప్యూటర్ చెప్పినట్టు కోసే సీఎన్‌సీ రూటర్ కావాలి. పూజ గది తలుపులకు జాలీ డిజైన్లు కోసే దుకాణాలు ఇప్పుడు మన ఊళ్లలో కనిపిస్తూనే ఉన్నాయి. ఎనిమిది బై నాలుగు అడుగుల షీటు పట్టే పెద్ద బల్ల, దానిమీద గిర్రున తిరిగే బిట్టు. ఆ బిట్టు గుండ్రంగా ఉంటుంది కాబట్టి లోపలి మూలను ఎన్నటికీ పదునుగా కోయలేదు. ఆరు మిల్లీమీటర్ల బిట్టైతే మూలలో మూడు మిల్లీమీటర్ల వంపు మిగిలిపోతుంది, చదరపు కొన ఆ బెజ్జంలో దిగదు. మేస్త్రి అయితే ఉలితో రెండు దెబ్బలు కొట్టి సరిచేస్తాడు. మెషీన్ మీద డిజైన్ చేసేవాళ్లు మూలనే కాస్త అవతలికి తొలిపిస్తారు. ఎముక చివరలా కనిపిస్తుందని దానికి డాగ్‌బోన్ అని పేరు.

రూటర్‌కి మనం ఇచ్చేది బొమ్మ కాదు, జీ-కోడ్. జీ0 అంటే వేగంగా జరుగు, జీ1 అంటే చెప్పిన వేగంతో కోస్తూ వెళ్లు. బిట్టును పైకెత్తమనే వరుస ఒక్కటి మరిచిపోయి జీ0 ఇచ్చామా, షీటు ఈ చివర నుంచి ఆ చివరకి దున్నేస్తుంది. దానికి తప్పొప్పులతో పనిలేదు.

అమెరికాలోని ఎంఐటీలో నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 1998లో "దాదాపు ఏ వస్తువునైనా తయారు చేసుకోవడం ఎలా" అనే పాఠం మొదలుపెట్టారు. కొద్దిమంది పరిశోధకుల కోసం అనుకుంటే వందమంది దాకా వచ్చారు. దాని వెంబడే, ఇలాంటి మెషీన్లను జనం వచ్చి వాడుకునే ఫ్యాబ్ ల్యాబులు పుట్టాయి. ఎంఐటీ బయట తొలినాళ్లలో వెలిసిన ల్యాబుల్లో ఒకటి 2002లో పాబళ్ గ్రామంలోని విజ్ఞాన్ ఆశ్రమ్‌లో మొదలైంది. అదీ పుణె జిల్లానే, కాకతాళీయం. ఇలాంటి మెషీన్లుండే టీ-వర్క్స్ హైదరాబాద్ రాయదుర్గంలో 2023లో తెరుచుకుంది.

గెర్షెన్‌ఫెల్డ్ పాఠంలో నాకు నచ్చేది మెషీన్ల జాబితా కాదు. ఇప్పటికీ అక్కడ మొదట్లోనే చేయించే పనుల్లో ఒకటి, అట్టముక్కల్ని గాళ్లతో బిగించి రకరకాలుగా కూర్చే ఆటవస్తువు. చూస్తే పిల్లల ఆటే, కానీ కెర్ఫ్ కొలవనివాడు అందులో తప్పించుకోలేడు. ఎవరో గీసిన ఫైలు దించుకుని బటన్ నొక్కితే ఇంతకన్నా అందమైనది ఐదు నిమిషాల్లో వస్తుంది. నేనూ దించుకున్నాను, ఏనుగు తల ఒకటి గోడకుంది. దాన్నుంచి నేను నేర్చుకున్నది గుండుసున్న.

రెండో డబ్బా నిలబడింది. ఇప్పుడు నా బల్ల పక్కన మేకుకి దువ్వెనల్లాంటి ముక్కలు వేలాడుతుంటాయి. ఒక్కోదానికీ 2.3 నుంచి 2.9 దాకా ఏడు గాళ్లు, ఏ గాడిలో షీటు ముక్క బొటనవేలి ఒత్తిడికి దిగి కదలకుండా ఆగిందో అక్కడ పెన్సిల్ గుర్తు. వానాకాలంలో ఎండీఎఫ్ చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, అప్పుడు గుర్తు పక్క గాడికి జరుగుతుంది. కొత్త షీటు వస్తే ముందు కొత్త దువ్వెన కోస్తాను, ఆ తర్వాతే డబ్బా.