పాముపొడ చుట్టం

వరి వేసే రైతుకు పాముపొడ తెగులును పరిచయం చేయనక్కర్లేదు. దుబ్బు గుబురుగా పెరిగి, యూరియా ఒక చేయి ఎక్కువ పడి, నాలుగు రోజులు ముసురు పట్టిందంటే చాలు, నీళ్లకు కాస్త పైన ఆకు తొడుగుల మీద పాము ఒంటి మీది పొడల్లాంటి మచ్చలు లేస్తాయి. కారణం రైజోక్టోనియా సొలాని అనే శిలీంధ్రం. కరీంనగర్ పల్లెల్లో హెక్సాకొనజోల్ మందు పేరు పలకలేని రైతు ఉండడు, దీని పుణ్యమే. ఈ వారం ఆ శిలీంధ్రం దగ్గరి చుట్టాల గురించి రాయాలనిపించింది. అవి లేకపోతే మన చెట్ల మీద బదనిక పూయదు.

బదనిక అంటే ఇక్కడ నేను చెప్పేది వాండా టెస్సెలాటా అనే ఆర్కిడ్ గురించి. మామిడి, ఇప్ప, చింత కొమ్మల మీద వేళ్లు వేలాడేసుకుని ఉంటుంది. పసుపు, గోధుమ కలిసిన రేకుల మీద గళ్లు, మధ్యలో ఊదా రంగు పెదవి, మంచి వాసన. సామర్లకోటలో ఏళ్ల తరబడి పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో తన కోరమాండల్ మొక్కల పుస్తకంలో దీన్ని బొమ్మతో సహా అచ్చు వేయించాడు. 1820లో రాబర్ట్ బ్రౌన్ వాండా అనే ప్రజాతిని నిలబెట్టింది దీని ఆధారంగానే. బ్యాంకాక్ నుంచి విమానంలో దిగే ఖరీదైన వాండాల ఇంటిపేరు మన చింతచెట్టు మీదిది. అయినా మనవాళ్లు నర్సరీలో డబ్బులు పోసి వాటినే తెచ్చుకుంటారు, దీన్ని కొమ్మతో సహా నరికేస్తారు.

గాలివానకు విరిగిన కొమ్మల మీద, రోడ్డు వెడల్పు కోసం పడగొట్టిన చెట్ల మీద మిగిలిన బదనికలను తెచ్చి మరో చెట్టుకు కట్టడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఇందులో పెద్ద పనితనం లేదు. గరుకు బెరడున్న చెట్టు చూసుకోవాలి, మృగశిర వానలకు జనపనార తాడుతో కదలకుండా కట్టాలి. మట్టి పెట్టకూడదు, పేడ పూయకూడదు. తెల్లటి వేళ్లు వాన తగలగానే ఆకుపచ్చగా మారతాయి, వానాకాలం ముగిసేలోపు కొత్త వేళ్లు బెరడును పట్టుకుంటాయి. రామగుండం ఎండలను కూడా ఈ మొక్క ఓర్చుకుంటుంది. పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకునే జాతి ఇది. చెట్టు రసం తాగుతుందని తోటల్లో దీన్ని గీకి పారేస్తుంటారు. రసం తాగేది వేరే మొక్క: కొమ్మలోకి వేరు దించి ఎర్రటి గొట్టాల్లాంటి పూలు పూసేది. వాండా చెట్టు నుంచి తీసుకునేది నిలబడే చోటు మాత్రమే.

కాబట్టి ఎదిగిన మొక్కను బతికించడం తేలిక. విత్తనం నుంచి పుట్టించడం మాత్రం మన చేతిలో లేదు. ఎండిన కాయ పగిలితే నశ్యం లాంటి పొడి గాలిలో కలుస్తుంది. ఆ పొడే విత్తనాలు. డార్విన్ ఇంగ్లండులో ఒక నేల ఆర్కిడ్ కాయలు లెక్కగట్టి, ఒక్క మొక్క నుంచి 1,86,300 గింజలు వస్తాయని 1862లో రాశాడు. అన్ని గింజలున్నా భూమి నిండకపోవడానికి కారణం వాటిలో తిండి లేకపోవడం. వడ్లగింజకు బియ్యం ఉంది, కందికి పప్పు ఉంది, దీనికి ఏమీ లేదు. తగిన శిలీంధ్రం బెరడు మీద ఉండి, దాని పోగు గింజలోకి దూరితేనే మొలక. ఆ పోగులు కణాల లోపల ఉండలుగా చుట్టుకుంటాయి. పసిమొక్క ఆ ఉండలను అరిగించుకుని బతుకుతుంది. 1899లో నోయల్ బెర్నార్ అనే ఫ్రెంచి కుర్రవాడు ఈ సంగతి పట్టుకున్నాడు, 36 ఏళ్లకే పోయాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండా చక్కెర కలిపిన జెల్లీ మీద గింజలు మొలిపించాడు. నేటి ఆర్కిడ్ వ్యాపారం చాలావరకు ఆ జెల్లీ మీంచి వచ్చిందే. కానీ పొలం గట్టు మీది చింతచెట్టుకు చక్కెర జెల్లీ ఎవరు పూస్తారు?

వాండా వేళ్లలో ఉండేవి ఎక్కువగా సెరటోబాసిడియం, టులాస్నెల్లా జాతులు. సెరటోబాసిడియం, పాముపొడ శిలీంధ్రం ఒకే కుటుంబం. ఒకటి వరిని ఎండగడుతుంది, మరొకటి ఆర్కిడ్‌ను పెంచుతుంది. పెంచడం కూడా దాని ఉదారం అనుకోను. చిన్నప్పుడు ఆర్కిడ్ దాన్ని తినేస్తుంది. ఆకులు వచ్చాక కొన్ని ఆర్కిడ్లు చక్కెర తిరిగి ఇస్తాయని యూరప్ నేల ఆర్కిడ్ల మీద తేలింది. బాకీ మొత్తం తీరుతుందా అంటే నాకు అనుమానమే.

జగిత్యాల మామిడి తోటల్లో పూత మీద బూడిద తెగులుకు కొట్టే మందు బెరడు మీద కూడా పడుతుంది. అది శత్రువును, చుట్టాన్ని వేరు చేసి చూడదు. బదనిక పిల్లమొక్కలు నాకు తోటల్లో కంటే గట్ల మీది ముసలి చెట్ల మీదే ఎక్కువ కనిపిస్తాయి. మందు ఒక్కటే కారణమని వాదించను. తోటల్లో కొమ్మలు కత్తిరిస్తారు, చెట్లు ముదరనివ్వరు.

ఆదిలాబాద్ అడవిలో ఇలాంటి పొత్తు మరొకటి ఉంది, దాన్ని కూర వండుకు తింటాం. తొలి వానలకు పుట్టల దగ్గర లేచే పుట్టకొక్కులు చెదలు సాగు చేసే శిలీంధ్రానివి. చెదలు నమిలిన కట్టెతో పుట్టలో మడులు కడతాయి, వాటి మీద ఆ శిలీంధ్రం పెరుగుతుంది. కాడ వెంట తవ్వుకుంటూ పోతే ఆ మడి దాకా దిగుతుంది. ఈ జిల్లాల మొక్కలకు పుస్తకాలున్నాయి: ఆదిలాబాద్, కరీంనగర్ గిరిజనుల మొక్కల వాడకం మీద టి. రవిశంకర్ 1990లో సిద్ధాంత గ్రంథం సమర్పించారు, 1992లో పుల్లయ్య, ప్రసన్న, ఓబులేసు కలిసి ఆదిలాబాద్ జిల్లా వృక్షసంపదను గ్రంథం చేశారు. శిలీంధ్రాలు మాత్రం మనకు తెగులుగానో కూరగానో తప్ప లెక్కలోకి రావు. ప్రపంచంలో పేరు పెట్టినవి సుమారు లక్షన్నర, ఉండొచ్చని శాస్త్రవేత్తల అంచనా 22 నుంచి 38 లక్షలు.

మీ ఊళ్లో చెట్టు పడితే రంపం మిషను రాకముందే కొమ్మలు ఒకసారి చూడండి. బదనిక ఉంటే బెరడు ముక్కతో సహా తీసి, అదే జాతి ముసలి చెట్టుకు కట్టండి. ఆ చెట్టు మొదలుకు సున్నం, జాజు పూయకండి, కొమ్మలు గీకకండి. నిలబడి ఉన్న చెట్టు మీది బదనికను మాత్రం ముట్టుకోకండి.